విలసశాసనమున సురత్రాణ పదము

అరబ్బీ భాషయందు 'అమీరు' అనగా ఆజ్ఞాపించువాడు. 711 మొదలు అరబ్బుల పాలన నెరిగిన స్పెయిను దేశమున నీ పదము 'ఎమిర్' అను రూపమున పాలకవాచకమై నిలిచినది. మన దేశమున నదియే 'హమ్మీర' మైనది. మహమ్మదు ఘోరీ నాణెములపై నీ బిరుదము నాగరిలిపిలో గన్పట్టును. 1301లో అల్లాఉద్దీన్ ఖిల్జీతో పోరి మడిసిన రణస్తంభపురపు చౌహాను రాజు పేరును హమ్మీరుడే యగుట వింత. ఇట్టి పదములలో మిక్కిలి విచారణీయమైనది మన గోదావరీ తీరమున లభించుచున్నది.

1323లో ఓరుగల్లు పడిన పిమ్మట ముసునూరి ప్రోలయనాయకుడు రేకపల్లి నెలవుగా స్వతంత్రించి, సుమారు 1330లో కోనసీమలోని విలస గ్రామమును వెన్నయ యను బ్రాహ్మణునకు దానమిచ్చెను. ఆ సంస్కృత తామ్రశాసనము ఓరుగంటి విజేతను 'అహమ్మద సురత్రాణు'డని పేర్కొనుచున్నది. ఇతడు మహమ్మదు బిన్ తుగ్లకని పండితుల నిర్ణయము.

'సుల్తాను' అను మాటకు అరబ్బీలో తొలి యర్థము అధికారము. పిదప అధికారము గలవాడు. దానిని 'సురత్రాణ' మనినచో సురలను రక్షించువాడని యర్థము వచ్చును. కాని యా శాసనమే, బందీయైన ప్రతాపరుద్రుడు నర్మదాతీరమున మరణించుటను జెప్పి, పిమ్మట తురుష్కులచే దేవప్రతిమలు భగ్నమైనవనియు, అగ్రహారములు హరింపబడినవనియు వర్ణించుచున్నది. ప్రతిమాభంజకునకు సురత్రాణుడను పేరా?

ఇది వ్యంగ్యమని తోచవచ్చును. మేమట్లు తలపము. ఎగతాళిగా వాడిన పదమును మరియొక రాజు తన బిరుదముగా ధరింపడు. 1354 నాటి శాసనమున బుక్కరాయలు 'హిందూరాయ సురత్రాణు'డు. అతడు వ్యుత్పత్త్యర్థమునే కోరెనని యాక్షేపింపవచ్చును. 'హిందూరాయ' అను పూర్వపదముండగా, హిందూరాజులలో సుల్తానను భావమే సహజమని మాకు తోచుచున్నది. విలసశాసన కవికిని 'సురత్రాణ' మొక రాజబిరుదమే. అందు సురలును లేరు, త్రాణమును లేదు. రాజమహేంద్రవరపు మసీదున 1324 నాటి పారసీక శాసనమున్నది. కావున నా ప్రాంతమున నీ బిరుదము చెవికి క్రొత్తది కాదనుకొందుము.

తరువాతి శతాబ్దిలో శ్రీనాథుడు భీమేశ్వరపురాణ కృతిపతి బెండపూడి అన్నయమంత్రిని అరబ్బీ భాష నెరిగినవానిగా గొనియాడినాడు. ఆ భాష నెరుగుట అప్పటికి మంత్రికి భూషణమైనది. ఇంకను తరువాత వచ్చిన 'నవాబు' పదమునకు సంస్కృతవేషము వేయుటకు పూనుకొన్నవారు మాకు కనబడలేదు.