కొరియా డొప్‌బాప్: పండుగ వంట నుంచి పూటభోజనం వరకు

కొరియా భాషలో 'బాప్' అంటే అన్నం, 'డొప్' అంటే కప్పడం. గిన్నెలో వేడి అన్నంపై కూర పరచి వడ్డించే వంటకానికి డొప్‌బాప్ అన్న పేరు అలా ఏర్పడింది. కారపు ముద్ద పట్టించిన కోడిమాంసంతోనో, కరకరలాడే ముక్కలపై గుడ్డు, మయొనైజ్ వేసిన 'చికెన్ మయో'గానో విద్యార్థులకు, ఉద్యోగులకు నేడు చవకగా దొరికే ఈ భోజనం వెనుక, ఒకప్పుడు సామాన్యునికి అపురూపమైన వరి అన్నమూ కోడీ నిత్యాహారంగా మారిన చరిత్ర ఉంది.

జోసన్ రాజ్యకాలంలో (1392–1910) పేద కుటుంబాలు బార్లీ, చిరుధాన్యాలతో కడుపు నింపుకొనేవి. గుడ్లు పెట్టే పెట్టను అల్లుడు వచ్చినప్పుడు మాత్రమే కోయడం అత్తవారింటి మర్యాదగా ఉండేది. అన్నాన్నీ ఆదరువులనూ ఒకే పాత్రలో చేర్చే అలవాటు మాత్రం పాతదే. 19వ శతాబ్ది చివరి నాటి వంటల గ్రంథంలోనే బిబింబాప్, అంటే కలిపిన అన్నం, కనిపిస్తుంది. కలపకుండా కప్పి వడ్డించే డొప్‌బాప్‌కు, జపాను వలసపాలనలో (1910–1945) కొరియా నగరాలకు చేరిన జపాను వంటల్లోని 'డొంబురి'తో దగ్గరి పోలిక ఉంది.

కొరియా యుద్ధానంతరం బియ్యం కొరత తీవ్రమై, 1960, 70 దశకాల్లో దక్షిణ కొరియా ప్రభుత్వం అన్నం వాడకాన్ని తగ్గించి గోధుమ వంటలను ప్రోత్సహించింది; హోటళ్లలో అన్నపు గిన్నె కొలతను సైతం సియోల్ నగరపాలన నిర్ణయించింది. గోదావరి రైతులు ఎరిగిన ఐఆర్-8 సంతతికి చెందిన 'తొంగిల్' వరి పొలాలకు చేరిన తరువాత, 1977 నాటికి దేశం బియ్యంలో స్వయంసమృద్ధి సాధించింది.

అదే కాలంలో కోళ్ల పెంపకం విస్తరించి మాంసం అందుబాటులోకి వచ్చింది. 1960 దశకంలో చున్‌చన్ పట్టణంలో పుట్టిన దక్‌గల్బి అనే వంటకంలో కోడి ముక్కలకు గొచుజాంగ్‌ను, అంటే మిరపపొడి, జిగురు బియ్యం, సోయా పులియబెట్టి చేసిన ముద్దను, పట్టించి కాల్చేవారు. తరువాత వెడల్పాటి ఇనుప పెనంపై వేయించే పద్ధతి స్థిరపడింది. ముక్కలు అయిపోయాక పెనంపై మిగిలిన కారంలో అన్నం వేయించుకొనే అలవాటు ఈ రుచికి అన్నం ఎంత సహజమైన తోడో చూపుతుంది. దక్‌గల్బి డొప్‌బాప్ ఆ తోడును నేరుగా గిన్నెలోకి తెచ్చింది.

సియోల్‌లో ఉద్యోగ పరీక్షలకు చదివేవారితో నిండిన నొర్యాంగ్‌జిన్ ప్రాంతంలో తోపుడుబండ్లవారు ఇదే పద్ధతిని 'కప్‌బాప్'గా, అంటే కప్పులో అన్నంగా, మలచారు. నిలబడి నిమిషాల్లో తినగల ఈ భోజనం అమ్మే ఆ బండ్లు 2015లో ప్రత్యేక వీధికి తరలాయి. తాతల తరం పండుగకు ఎదురుచూసిన రెండు పదార్థాలను, ఈ తరం విద్యార్థి రెండు తరగతుల నడుమ దొరికిన విరామంలో ఒకే కప్పులో తినగలగడమే ఈ వంటకం చరిత్రలోని అసలు మలుపు.