మరుత్తు: ఒక యుద్ధవిమాన చరిత్ర

యుద్ధవిమానముల నిడివిని, బరువును, వేగమును మన బాలకులు ఉత్సాహముతో కంఠస్థము చేయుచుందురు. ఆ సంఖ్యలు యంత్రముయొక్క గుణములనే గాక, దానిని నిర్మించిన జాతియొక్క శక్తిని, కొఱతను గూడ తెలుపును. ఇందులకు మరుత్ విమాన చరిత్రమే నిదర్శనము.

రెండవ ప్రపంచయుద్ధమున ఫాకె-వుల్ఫ్ 190 అను జర్మను విమానమును రూపొందించిన కుర్ట్ టాంక్ 1956లో బెంగుళూరునకు వచ్చెను. శబ్దవేగమునకు రెండింతలు పోగల విమానమును నిర్మింపవలెనని సంకల్పము. అతడును మన యంత్రవిదులును గలసి 1959లో కొయ్యతో పూర్ణప్రమాణపు నమూనాను చేసి, ఇంజను లేకయే గాలిలో పరీక్షించిరి. 1961 జూన్ 17వ తేదీని సురంజన్ దాస్ అసలు విమానమును తొలిసారి నడిపెను. వేదములందలి వాయుదేవతల పేరే దానికి పెట్టబడెను.

దాని నిడివి సుమారు 16 మీటరులు. రెక్కల విస్తారము 9 మీటరులు. 30 మిల్లీమీటరుల ఫిరంగులు నాలుగు. దేహము చక్కగా కుదిరినది గాని, తగిన ఇంజను లభింపలేదు. బ్రిటిషు సంస్థ ఆర్ఫియస్ 12 అను బలమైన ఇంజనును సిద్ధపఱచుటకు వ్యయము భరింపుమని కోరగా మన ప్రభుత్వ మంగీకరింపలేదు. ఈజిప్టునందు తయారగుచుండిన ఇంజనును ఒక మరుత్తున నమర్చి పరీక్షించిరి. ఆ దేశపు ప్రయత్నము 1969లో నిలిచిపోయెను. కావున ఆర్ఫియస్ 703 ఇంజనులు రెంటితోనే తృప్తిపడవలసివచ్చెను. ఒక్కొక్కదాని త్రోపుడుబలము సుమారు 2,200 కిలోలు. నిండుభారముతో విమానము బరువు దాదాపు 11,000 కిలోలు. అనగా బలము బరువులో రెండైదవ వంతులే. రెండింతల శబ్దవేగమును కోరినవారికి ఒక్కింతయే దక్కెను.

అట్లని మరుత్తు నిష్ప్రయోజనము కాలేదు. 1971 యుద్ధమున రాజస్థాన సరిహద్దునందు భూసేనకు తోడ్పడెను. ఒక ఇంజను దెబ్బతిన్నను రెండవదానితో తిరిగివచ్చిన సందర్భములు గలవు. మొత్తము 147 విమానములు నిర్మితములై, 1990 నాటికి సేవనుండి విరమించినవి.

ఇంజను నిర్మాణ మేల దుర్లభము? అందలి చక్రపు రెక్కలు, తామే కరగిపోదగినంత వేడిగల వాయువునందు తిరుగవలెను. అట్టి లోహమిశ్రమములను సాధించుటకును, రెక్కలలోపల చల్లదనమునకు సన్నని దారులు తొలుచుటకును, వేలకొలది గంటలు పరీక్షించుటకును దశాబ్దములు పట్టును. మనవారు 1989లో కావేరి ఇంజనుకు పూనుకొనిరి. 2008లో దానిని తేజస్ విమానమునుండి వేఱుచేసిరి. 2001లో తొలిసారి ఎగిరిన తేజస్ నేటికిని అమెరికా ఇంజనుతోనే ఎగురుచున్నది. 2024లో ఆ ఇంజనుల సరఫరా ఆలస్యమగుటచే మన క్రొత్త విమానముల అప్పగింతయు వెనుకబడెను.

విమానము ఎగిరిననాడు ఉత్సవము చేయుట సులభము. ఫలము కనఁబడని పరిశోధనశాలలకు ఏండ్లతరబడి ధనమిచ్చి ఓపికపట్టుట కష్టము. మన పిల్లలకు విమానవేగముతోపాటు ఆ వేగము ఎవరి ఇంజనువలన కలిగినదో యడుగుట గూడ నేర్పుదము.