పాట కోసమా, పందిరి కోసమా?

మన సంఘం కార్యదర్శిగారు ఉగాది సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి వ్రాసి ఇమ్మని అడిగినప్పుడు, "మెట్రిక్ వరకు చదివి స్టేషనులో టికెట్లిచ్చే గుమాస్తాను, నాకు చరిత్రేమిటండీ" అని తప్పించుకోబోయాను. ఆయన వదలలేదు. సరిగా ఆ రోజుల్లోనే మన కార్యవర్గ సమావేశంలో ఒక మాట వచ్చింది. ఆ మాట నాకు నాలుగైదు రాత్రులు నిద్ర లేకుండా చేసింది. అందుచేత దానినే వస్తువుగా తీసుకున్నాను. పెద్దలు మన్నింతురు గాక.

జరిగినది ఇది. ఈ ఉగాదికి పాటకచేరీ పెట్టవలెనా, మానవలెనా అని చర్చ వచ్చింది. గాత్రానికి, వయొలిన్‌కు, మృదంగానికి సంభావనలు, వారి రాకపోకల ఖర్చులు, హాలు అద్దె, అన్నీ కూడితే మన నిధికి మించిన పని. అప్పుడొక సభ్యుడు, కుర్రవాడే గాని బుద్ధిమంతుడు, లేచి, "మనం పిలవగలిగిన వారికన్న ఎన్నో రెట్లు గొప్ప విద్వాంసుల పాటలు రికార్డుల్లో ఉన్నాయి. మంచి స్పీకరు తెచ్చి వినిపిద్దాం" అన్నాడు. ఒక పెద్దాయన, "అబ్బే, ఎదురుగా కూర్చుని వింటే ఆ ఆనందమే వేరు" అన్నారు. "నిజం చెప్పండి బాబాయిగారూ, మీరు వినేది పాటేనా? పట్టుచీరలు, పలకరింపులు, బొబ్బట్లు, ఇవి కావూ మీ ఆనందం?" అన్నాడు కుర్రవాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి పడుకున్న తరువాత ఆ నవ్వు నిలవలేదు.

ఎందుకంటే, నా చిన్నప్పుడు తిరుచిలో మా తాతగారు నన్ను కచేరీలకు వెంటబెట్టుకొని వెళ్ళేవారు. పక్కింటి తమిళ మామగారు కూడా వచ్చేవారు. త్యాగరాజస్వామి కీర్తన మొదలయ్యేసరికి మామగారి కళ్ళు మూతపడేవి, చెంపల మీద నీళ్ళు కారేవి. ఆయనకు తెలుగు ఒక్క ముక్క రాదు. ప్రతి మాటకూ అర్థం తెలిసిన మా తాతగారు మాత్రం, గాయకుడు ఎక్కడ 'ద'ను 'త' చేశాడు, ఎక్కడ మాటను నడిమికి విరిచాడు అని వేళ్ళ మీద లెక్కపెట్టేవారు. ఇంటికి తిరిగి వస్తూ దారి పొడుగునా ఆ తప్పులు చెప్పేవారు. ఆయన ముఖంలో అంత సంతోషం నేను మరెప్పుడూ చూడలేదు! వీరిద్దరిలో సంగీతం విన్నవారెవరు? మామగారు విన్నది పాట, తాతగారు విన్నది తన భాష అనుకుందామా? మరి నేనో? విరామంలో కొనిపెట్టే వడ కోసం వెళ్ళేవాణ్ణి.

చరిత్ర కొంచెం తిరగవేసి చూశాను. ఈనాడు కచేరీ అంటే మన కళ్ళ ముందు మెదిలేది, వేదిక మీద విద్వాంసుడు, కింద వరుసగా కుర్చీలు, చేతిలో టికెట్టు, పాట సాగుతుండగా మాటలాడరాదన్న మర్యాద. ఇది అనాదిగా వస్తున్నది కాదు. పంతొమ్మిదవ శతాబ్ది చివరి దశాబ్దాలలో మదరాసు నగరంలో సభలు వెలసిన తరువాత స్థిరపడిన పద్ధతి. అంతకు ముందు పాట ఒంటరిగా ఎక్కడా కనబడదు. దేవుడు ఊరేగుతుంటే ఆయన ముందు నాదస్వరం నడిచేది. పెండ్లిలో మేళం. భజనమందిరంలో నామసంకీర్తనం. హరికథలో కథ, పాట, ఆట మూడూ కలిసి ఉండేవి. విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) కాలికి గజ్జె కట్టి కథ చెబుతుంటే, వచ్చినవారు సంగీతం విన్నారా, కథ విన్నారా, దాసుగారిని చూశారా అని విడదీసి చెప్పగలవారెవరు?

మన తెలుగు ఈ కావేరీ తీరానికి వచ్చినదీ అట్లాగే. తంజావూరు నాయకరాజుల ఆస్థానంలో తెలుగు రాజభాష. క్షేత్రయ్య పదాలకు విజయరాఘవ నాయకుని కొలువులో ఆదరణ దొరికింది. నాయకరాజుల తరువాత మరాఠా ప్రభువులు వచ్చినా పాట తెలుగు విడువలేదు. కొలువు మారింది, దొరల భాష మారింది, పాడేవారి నాలుక మీద తెలుగు నిలిచిపోయింది.

త్యాగరాజస్వామి (1767–1847) ఆ కొలువును కూడా వద్దన్నవారు. తిరువైయారు వీధుల్లో ఉంఛవృత్తి చేస్తూ పాడుకున్నారు, ఇంట రాముని పూజ చేస్తూ పాడుకున్నారు. ఉత్సవ సంప్రదాయ కీర్తనలు అని పేరు పడినవాటిని చూడండి. దేవుణ్ణి మేలుకొలపడానికి ఒకటి, ఆరగింపుకు ఒకటి, పవళింపుకు ఒకటి. అక్కడ పాట ఒక పని చేస్తున్నది. దివ్యనామ కీర్తనలు పదిమంది కలిసి పాడుకోవడానికి కట్టినవి. వాలాజాపేట, ఉమయాళ్పురం, తిల్లైస్థానం శిష్యులు వాటిని కాపాడి మనకిచ్చారు. ఆ రోజుల్లో టికెట్టు కొని నిశ్శబ్దంగా రెండు గంటలు వినడం అంటే వారికి బోధపడేది కాదేమో.

అన్నట్టు, 'కచేరీ' అన్నమాటకు మొదటి అర్థం దర్బారు, ఉద్యోగస్థలం. నాబోటి గుమాస్తా పొద్దున్నే వెళ్ళేదీ కచేరీకే. అక్కడ ఆనందం ఏ పాటిదో చెప్పనక్కరలేదు.

సభలు వచ్చాక వినడం ఒక ప్రత్యేకమైన పని అయింది. 1927 డిసెంబరులో మదరాసులో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు దానితోపాటు అఖిల భారత సంగీత సమ్మేళనం జరిగింది. దాని ఫలితంగా 1928లో మ్యూజిక్ అకాడమీ ఏర్పడింది. ఏటేటా డిసెంబరులో సంగీతోత్సవం అన్న వాడుక అక్కడినుంచే. కోర్టులకు క్రిస్మసు సెలవులు, వకీళ్ళకు తీరిక. సభల పోషకుల్లో వారే ఎక్కువ. అరియక్కుడి రామానుజ అయ్యంగారు (1890–1967) ఈ కొత్త శ్రోతలను చూసి కచేరీకి కొత్త కట్టు కట్టారు. మొదట వర్ణం, తరువాత పొందికగా పలు కీర్తనలు, నడుమ రాగం, తానం, పల్లవి, చివర తేలిక పాటలు. ఒక్క రాగాన్ని గంటల తరబడి సాగదీస్తే ఆఫీసునుంచి నేరుగా వచ్చిన మనిషి కూర్చోలేడని ఆయన గ్రహించారు. తరువాత మైకు వచ్చింది. అంతకు ముందు ఆఖరి వరుసకు వినబడాలంటే శ్రుతి పెంచి గొంతెత్తవలసిందే. మైకు వచ్చాక సన్నని గొంతుకకు కూడా పెద్ద హాలులో చోటు దొరికింది. కాబట్టి పందిరి మారినప్పుడల్లా పాట కూడా మారింది.

ఇక మన కుర్రవాడు చెప్పిన రికార్డుల సంగతి. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గ్రామఫోను కోసం పాడారు. రెండు మూడు నిమిషాల పాట. చివర ఆమె తన పేరు తానే ఇంగ్లీషులో చెప్పుకునేది. పాట మొదటిసారిగా తన పందిరిని విడిచి పెట్టెలో పడింది. అప్పుడు జనం ఏం చేశారు? ఎవరి గదిలో వారు తలుపు వేసుకుని విన్నారా? లేదు. పెట్టె ఉన్న ఇంటి వసారాలో వాడంతా చేరారు. 1930లో మదరాసు కార్పొరేషను రేడియో ప్రసారాలు మొదలుపెట్టినప్పుడు సముద్రతీరాన, పార్కుల్లో లౌడు స్పీకర్లు పెట్టారు. జనం అక్కడ ఇసుకలో కూర్చుని విన్నారు. పందిరి తీసివేస్తే మరొకటి వేసుకున్నారన్న మాట. మన కుర్రవాడు కూడా స్పీకరు తెచ్చి ఎవరింట్లో వారు వినండి అనలేదు గదా, హాలులోనే పెడదామన్నాడు!

దీనికి ఎదురు చెప్పేవారు ఒక అమెరికా కథ చూపుతారు. 2007 జనవరి 12న వాషింగ్టనులో, ఉదయం ఆఫీసు వేళ, ఒక మెట్రో స్టేషనులో జాషువా బెల్ అనే ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు మామూలు బట్టల్లో నిలబడి 43 నిమిషాలు వాయించాడు. ఆయన చేతిలోనిది 1713లో చేసిన స్ట్రాడివేరియస్ వయొలిన్. ఒక పత్రిక చేయించిన పరీక్ష అది. దాటిపోయినవారు 1,097 మంది. ఒక్క నిమిషమైనా ఆగినవారు ఏడుగురు. చూశారా, హాలు లేకపోతే సంగీతం లేదు అంటారు. నాకిది ఒప్పుదల కాదు. స్టేషను కౌంటరులో పదేళ్ళకు పైగా కూర్చున్నవాణ్ణి. రైలు అందుకోబోయే మనిషికి కన్నకొడుకు పిలిచినా వినబడదు. ఆ పరీక్షలో తేలింది రైలు సంగతే గాని వయొలిన్ సంగతి కాదు. ఆగిన ఆ ఏడుగురికి ఏ పందిరి ఉంది? వారిని గురించి ఎవరూ మాట్లాడరు.

అయితే పందిరి అన్నివేళలా మంచిదనీ నేననను. ఆ పందిరిలోకి ఎవరిని రానిస్తాము, ఎవరిని బయట నిలబెడతాము అన్న ప్రశ్న ఉన్నది గదా. తిరువైయారులో త్యాగరాజస్వామి సమాధి శిథిలమై ఉంటే, బెంగుళూరు నాగరత్నమ్మగారు (1878–1952) తన సొంత సొమ్ముతో స్థలం సంపాదించి గుడి కట్టించారు. 1925లో ప్రతిష్ఠ జరిగింది. గుడి ఆమెది. కాని ఆరాధన జరిపే రెండు పక్షాలూ స్త్రీలను అక్కడ పాడనివ్వలేదు. కావేరి అదే, కీర్తనలు అవే, గొంతుకలు మేలైనవి. ఆమె ఊరుకోలేదు. స్త్రీలను కూడగట్టి వేరే ఆరాధన జరిపించారు. 1940 ప్రాంతంలో పక్షాలన్నీ ఒకటైన తరువాతనే ఆడవారి గొంతు అందరితో కలిసింది. పంచరత్న కీర్తనలను అందరూ ఒక్కటిగా పాడే ఆచారం స్థిరపడినదీ ఆ తరువాతనే. సందర్భం అనేది పైపై అలంకారమే అయితే, పాడనివ్వమని ఆమె అన్నేళ్ళు పోరాడడం దేనికి? ఇంట్లో కూర్చుని పాడుకోవచ్చు గదా! ఆమెకు కావలసింది పాట మాత్రమే కాదు, ఆ గడ్డ మీద, ఆ తిథినాడు, పదిమంది ఎదుట పాట. ఈనాటికీ స్వామి సమాధికి ఎదురుగా ఆమె శిలాప్రతిమ చేతులు జోడించి కూర్చుని ఉంటుంది.

ఇంచుమించు ఆ కాలంలోనే మన భాషకూ ఒక పరీక్ష వచ్చింది. 1941లో అణ్ణామలై విశ్వవిద్యాలయంలో తమిళ పాటలకు ప్రాధాన్యం ఇవ్వాలని తీర్మానం చేశారు. 1943లో మదరాసులో తమిళ ఇసై సంఘం ఏర్పడింది. అర్థం కాని భాషలో గంటలకొద్దీ పాడితే వినేవారికి రసమెక్కడిది అన్నది వారి ప్రశ్న. మనవారు కొందరు దానికి నొచ్చుకున్నారు. నా మట్టుకు అది న్యాయమైన ప్రశ్నే. మా మామగారి కన్నీరు దానికి ఒక జవాబు, అంతే. పూర్తి జవాబు కాదు. అదే ప్రశ్న ఈనాడు మన గుమ్మంలోకి వచ్చింది. మా అమ్మాయికి పదేళ్ళు. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. కీర్తనలను పలుకు పలుకూ తమిళ అక్షరాల్లో వ్రాసుకుని నేర్చుకుంటున్నది. మొన్న ఒక చరణం పాడి, "నాన్నా, దీనికి అర్థమేమిటి?" అని అడిగింది. సగం చెప్పి ఆగిపోయాను. తాతగారి వేళ్ళ లెక్క నాతోనే ఆగిపోయేట్టుంది.

2020 డిసెంబరులో కరోనా మూలాన అకాడమీ ఉత్సవం హాలులో జరగలేదు. కచేరీలను ఇంటర్నెట్టులో ప్రసారం చేశారు. విద్వాంసులు కెమెరా ముందు పాడారు. మా అమ్మ ఫోనులో విన్నది. పాటలో లోటు లేదు, శబ్దం హాలులో కన్న తేటగానే ఉంది. తొడమీద తాళం వేస్తూ కాసేపు విన్నది. మంచి సంగతి పడినప్పుడు చప్పున పక్కకు తిరిగింది. అక్కడ గోడ ఉంది. తరువాత లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఆమె ఎందుకు లేచిందో నేను అడగలేదు. (నిజం చెప్పాలంటే హాలులో కూడా తని ఆవర్తనం మొదలవగానే సగం మంది క్యాంటీనుకు లేస్తారు. మృదంగ విద్వాంసులు దీనిని గురించి చెప్పుకోని కష్టం లేదు.)

ఇదంతా తరువాతి సమావేశంలో నేను వచ్చీరాని మాటల్లో చెప్పాను. రికార్డులు వద్దు, పెద్ద విద్వాంసులూ వద్దు. మన ఇండ్లలో నేర్చుకుంటున్న పిల్లలూ, పాడడం మానేసిన పెద్ద ముత్తైదువలూ కలిసి పాడాలని, ప్రతి కీర్తనకు ముందు ఒకరు లేచి తెలుగులో అర్థం చెప్పాలని కోరాను. మన కుర్రవాడు, "శ్రుతి తప్పుతుందండీ" అన్నాడు. తప్పుతుందనే ఒప్పుకున్నాను. ఓట్లు తీసుకుంటే నా ప్రతిపాదన రెండు ఓట్ల మెజారిటీతో నెగ్గింది. తంబురా పెట్టెను శ్రుతి చూసి నడిపే పని ఆ కుర్రవాడే తీసుకున్నాడు.

ఫలహారం పాట అయిన తరువాతనే పెట్టాలని నేను తెచ్చిన సవరణ మాత్రం వీగిపోయింది. ఆరున్నరకు ఉగాది పచ్చడి, బొబ్బట్లు. ఏడు గంటలకు పాట. తిన్న తరువాత ఎందరు కూర్చుంటారో తలలు లెక్కపెట్టే పని నాకు అప్పగించారు, టికెట్ల గుమాస్తాను గదా అని.