పరిమళ ద్రవ్యములు - మోటుపల్లి శాసనము



సంధ్యవేళ దీపము పెట్టి, నిప్పులపై చిటికెడు సాంబ్రాణి చల్లుట మన పల్లెలలో ననాదిగా వచ్చుచున్న యాచారము. పసిబిడ్డకు తల యంటిన పిదప పొగ వేయుటయు మన మెఱిఁగినదే. ఆ పరిమళము ఏ చెట్టునుండి పుట్టినది, ఏ త్రోవను మన కందినది, ఇఁక నెన్నాళ్లు అందఁగలదు అను మూఁడు సంగతులు నేఁడు మీకు విన్నవింపఁబూనితిని.

ముందుగా అగరును గూర్చి చెప్పెదను. అమరకోశము వల్లించినవారికి దీని పర్యాయపదములు జ్ఞప్తియం దుండును. అందు రాజార్హ మొకటి. రాజులకుఁ దగినదని యర్థము. కృమిజము మఱియొకటి, పురుగువలనఁ బుట్టినదని యర్థము. ఈ రెండవ పేరు మన పూర్వుల పరిశీలనకు నిదర్శనము. అగరుచెట్టు ఆరోగ్యముగా నున్నప్పుడు దాని కొయ్య తెల్లగా, తేలికగా నుండును; వాసన యేమియు నుండదు. పురుగు తొలిచినచోటనో, కొమ్మ విఱిగినచోటనో, గొడ్డలివేటు పడినచోటనో ఒక విధమగు బూజు లోనికిఁ బ్రవేశించును. ఆ తెగులును నిలువరించుటకై చెట్టు తనలో నల్లని జిగురు నూరించుకొనును. ఏండ్ల తరబడి ఆ జిగురు పట్టి బరువెక్కిన కొయ్యయే అగరు. మేలైన తునుక నీట మునుఁగును. కావున ఈ సుగంధము చెట్టు తన గాయమునకుఁ దానే చేసికొన్న చికిత్స యని చెప్పవచ్చును.

ఈ వృక్షము మన తెలుగునాట సహజముగాఁ బెరుగునది కాదు. అస్సాము మొదలుకొని మలయా, సుమత్రాలవఱకుఁ గల తడియడవులు దీని పుట్టినిల్లు. కౌటిల్యుని అర్థశాస్త్రము రాజకోశమునఁ జేర్పఁదగిన వస్తువులలో అగరును జెప్పి, సముద్రమున కావలినుండి వచ్చు రకమును గూడఁ బేర్కొన్నది. ఏడవ శతాబ్దమున కామరూపాధిపతియగు భాస్కరవర్మ హర్షచక్రవర్తికిఁ బంపిన కానుకలలో అగరు తైలమును, అగరుపట్టపై వ్రాసిన పుస్తకములును ఉన్నట్లు బాణభట్టు హర్షచరితమున వర్ణించెను.

సాంబ్రాణి సుమత్రా, సయాము దేశములలోని చెట్లపట్టకు గాటుపెట్టఁగాఁ గారి గట్టిపడిన పాలు. పచ్చకర్పూరము సుమత్రా, బోర్నియో ద్వీపముల మహావృక్షముల చీలికలలోఁ బేరుకొను పలుకు. చీనికర్పూరము వేఱొక జాతిచెట్టు కొయ్యను ఆవిరిపట్టి తీసినది. ఇవియన్నియు నోడలపై రావలసినవే.

మన సీమకుఁ దూర్పున, చినగంజాము చెంతనున్న మోటుపల్లి ఆ యోడలు దిగిన రేవులలో నొకటి. అచ్చట వీరభద్రాలయమున కాకతీయ గణపతిదేవ మహారాజు శాలివాహన శకము 1166, అనఁగా క్రీస్తుశకము 1244వ సంవత్సరమున వేయించిన అభయశాసనము కలదు. దాని సారాంశ మిది. పూర్వపు రాజులు, గాలివానకు దెబ్బతిని తీరమునకుఁ గొట్టుకొనివచ్చిన యోడలలోని సరకునంతయు తమదిగాఁ జేసికొనుచుండిరి. గణపతిదేవుఁడు ఆ దురాచారమును మాన్పెను. ప్రాణములకుఁ దెగించి సముద్రయానము చేసిన వర్తకులకు న్యాయమగు సుంకము తప్ప వేఱేమియుఁ గొనమని యభయ మిచ్చెను. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట నొక వంతు. పిదప సరకుల పట్టిక కలదు. చందనము, కర్పూరము, చీనికర్పూరము, పన్నీరు, జవాది, కర్పూరతైలము, సుగంధద్రవ్యములు అందుఁ గాననగును.

ఈ యభయము ఒక్క తరముతోఁ బోలేదు. రెడ్డిరాజులలో అనవోతారెడ్డి 1358లో మోటుపల్లియందే వర్తకులకు మరల శాసనపూర్వకముగా అభయ మిచ్చెను. వసంతరాయఁడని పేరొందిన కుమారగిరిరెడ్డి వసంతోత్సవములకు వలయు పరిమళద్రవ్యములను దెప్పించి యిచ్చిన వర్తకుఁడు అవచి తిప్పయ్యసెట్టి. శ్రీనాథుని హరవిలాసమునకుఁ గృతిపతి యతఁడే.

గణపతిదేవుని యాలోచన నొకపరి విచారింపుఁడు. పగిలిన యోడ సరకును బట్టుకొన్నచో నా దినమున బొక్కసము నిండును. మరుసటి యేఁడు ఓడ రాదు. ముప్పదింట నొక్కటి పుచ్చుకొని తక్కినది విడిచినచో ఓడ తిరిగి వచ్చును. రేవునకుఁ జెప్పిన యీ ధర్మమే చెట్టునకును జెల్లును. గాయము మానునంతవఱకు వేచియున్నవానికి చెట్టు మరల నిచ్చును. ఆశపడి లోఁతుగా నఱకినవానికి ఒక్కసారియే యిచ్చి యెండిపోవును.

అగరుచెట్టు విషయమున జరిగిన దిదియే. ఏ చెట్టులో జిగురు పట్టినదో పైకిఁ దెలియదు గనుక మంచిచెట్లనుగూడ నఱికివైచిరి. తుదకు అంతర్జాతీయపు టొడంబడిక ద్వారా అస్సాము అగరుజాతి వర్తకమును 1995లోను, తక్కిన అగరు జాతుల వర్తకమును 2005లోను నియమబద్ధము గావింపవలసి వచ్చెను. ఇప్పుడు అస్సామున ఇంటిపెరళ్లలోఁ బెంచిన చెట్లనుండియు అగరు తీయుచున్నారు. మన యగరువత్తులలో పేరు మాత్రమే మిగిలినది. మనము కొను సామాన్యపు వత్తులలో నిజమైన అగరు కానరాదు.

మన కొండలుగూడ గంధహీనములు కావు. నల్లమలలోని అందుగుచెట్టు బంక నిప్పులపై మంచి సువాసన నిచ్చును. అరబ్బుదేశపు ధూపపుఁజెట్టునకు ఇది తోఁబుట్టువు. శేషాచలమునను, వెలికొండల దక్షిణభాగమునను గుగ్గిలము నిచ్చు తంబచెట్టు కలదు. అది తూర్పుకనుమల దక్షిణభాగమున కే పరిమితమైనది. నశించుచున్న జాతులలో దానిని లెక్కించుచున్నారు. మనచోట నశించినచో దానిని వేఱొక దేశమునుండి తెచ్చుకొనుటకు వీలులేదు.

దీనికి మార్గము మన యెదుటనే యున్నది. తపసిచెట్టు బంకకుఁ బరిమళము లేకున్నను మంచి గిరాకి కలదు. గొడ్డలితో లోఁతుగాఁ జెక్కుటచే నా చెట్లును జచ్చుచుండఁగా, 1956లో నేర్పడిన గిరిజన సహకార సంస్థ బంక తీయువారికిఁ గ్రొత్తపద్ధతి నేర్పించినది. పలుచగా పట్ట మాత్రమే చెక్కవలెను. గాటు మానుటకు విరామ మీయవలెను. ఇట్లు చేసినచో బంక శుభ్రముగా నుండును, చెట్టు బ్రదుకును.

గ్రామపెద్దలారా, కొండకుఁ గట్టెలకుఁ బోవు పడుచువారు మీ మాట విందురు. అందుగును, తంబను మొదలంట నఱుకవలదని వారికిఁ జెప్పుఁడు. ఏడువందల యెనుబదియేండ్లక్రిందట మన రాజు రాతిపైఁ జెక్కించిన ధర్మము, కొంత పుచ్చుకొని పెక్కింటిని విడిచిపెట్టుట. ఆ ధర్మము కొండపైనను నిలిచెనేని, మన మనుమల యింటను ధూపము వెలయును.