కల్లు లొట్టి నుండి కాగితపు సీసా దాకా

పండుగ సంచికలో జిన్ సంగతులేమిటని పెద్దలు కొందరు అనుకోవచ్చు. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారని మనకు సామెత ఉండనే ఉంది. అయినా ఈ వ్యాసం తాగమని చెప్పేది కాదు, తాగవద్దని నీతి బోధించేదీ కాదు. మద్యాన్ని పోసి ఉంచే పాత్ర కథ ఇది. ఆ కథలో మన తెలుగు ఆడపడుచులు రాసిన అధ్యాయం ఒకటి ఉంది. ఇక్కడ పుట్టి పెరుగుతున్న మన పిల్లలకు అది తెలియాలన్న తలంపుతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను పనిచేసేది చాంగీ బిజినెస్ పార్క్‌లో. 1997లో ప్రారంభమైన ఈ పార్కు నిండా బ్యాంకుల, సాంకేతిక సంస్థల కార్యాలయాలే. మధ్యాహ్న భోజనవేళ నాలుగడుగులు వేస్తే తెలుగు మాట చెవిన పడుతుంది. ఆమధ్య సంవత్సరాంతపు కానుకల ప్రస్తావన వచ్చినప్పుడు ఒక యువ మిత్రుడు జిన్ సీసా పేరు చెప్పి, "ఇది మామూలు మందు కాదండీ, అన్నీ మూలికలే. సీసా కూడా కాగితంతో చేసింది. ఎవరికీ హాని లేదు" అన్నాడు. మూలికల మాట నిజం. కాగితం మాట చాలావరకు నిజం. మూడో మాట దగ్గరే చరిత్ర తిరగేయాలనిపించింది.

పోపులపెట్టెలోని సరుకులే

జిన్ తయారీలో పెద్ద రహస్యమేమీ లేదు. ధాన్యం వంటివాటిని పులియబెట్టి, బట్టీ పట్టి, రుచీ వాసనా లేని మద్యసారం తీస్తారు. అందులో జునిపర్ కాయలు, మరికొన్ని సుగంధద్రవ్యాలు నానబెట్టి మళ్ళీ బట్టీ పడతారు. ఆవిరితో పాటు వాటి పరిమళం సీసాలోకి చేరుతుంది. జునిపర్ తరువాత ముఖ్యమైన దినుసు ఏమిటనుకుంటున్నారు? మన ధనియాలే! ఆపైన ఏలకులు, దాల్చినచెక్క, అతిమధురం, నిమ్మతొక్క, జావా నుండి వచ్చే తోకమిరియాలు. మన అమ్మల పోపులపెట్టెలోవే సగానికి పైగా ఉన్నాయి. సింగపూర్‌లో 2018లో స్థానికంగా జిన్ తయారీ మొదలైనప్పుడు టాంగ్లిన్ వారు ఆర్కిడ్‌ను, బ్రాస్ లయన్ వారు టార్చ్ జింజర్ పువ్వును వాడారు. అయితే ఎన్ని మూలికలు వేసినా యూరప్ నిబంధనల ప్రకారం జిన్‌లో కనీసం 37.5 శాతం మద్యసారం ఉండాలి. ధనియాలు వేసినంత మాత్రాన అది ధనియాల కషాయం అయిపోదు.

లొట్టికి ఉన్న హద్దు

ప్రకృతికి హాని చేయని పాత్ర కొత్తగా కనిపెట్టినదేమీ కాదు. మన పల్లెల్లో కల్లు గీసేవారు తాటిచెట్టుకు కట్టేది మట్టి లొట్టి. తాగేది తాటాకు దొన్నెలో. లొట్టి పగిలితే మట్టిలో కలుస్తుంది, దొన్నె పారేస్తే పశువు తింటుంది. ఇంతకంటే శుభ్రమైన ప్యాకింగు ఏ దేశంలోనూ లేదు.

ఆ లొట్టికి మరో గుణం ఉంది. చెట్టు దిగగానే కల్లు పులియడం మొదలవుతుంది. పొద్దుగూకేసరికి పుల్లబడుతుంది. నిలవ చేయడానికి లేదు, దూరం మోయడానికి లేదు. ఎవరు తాగారో, ఎంత తాగారో ఊరందరికీ తెలుస్తుంది. కల్లు వల్ల చెడిన సంసారాలు లేవని కాదు. కాని ఆ పాత్రే తాగుడుకు ఒక హద్దు గీసింది.

చదరపు సీసా

బట్టీ సారాయి నిలవ ఉంటుంది. దానికి తగిన పాత్ర దొరికాక ఆ హద్దు చెరిగిపోయింది. జిన్‌కు తల్లి వంటిది డచ్చివారి జెనీవర్. గుండ్రటి సీసాల మధ్య ఖాళీ మిగులుతుందని వారు చదరపు సీసాలు చేయించి, చెక్కపెట్టెల్లో ఒకదానికొకటి ఆనించి ఓడల్లో పంపేవారు. 1605 ప్రాంతం నుండి ఆ డచ్చివారి ఓడలు లంగరు వేసిన రేవుల్లో మన మచిలీపట్నం ఒకటి. భీమునిపట్నంలోని డచ్చి సమాధులు నేటికీ ఆ కాలానికి సాక్ష్యం.

ఇంగ్లండులో జిన్ చౌక కావడంతో 18వ శతాబ్దపు తొలి అర్ధభాగంలో లండన్ పేదలు దాని పాలపడ్డారు. 1736లోను, 1751లోను పార్లమెంటు చట్టాలు చేయవలసి వచ్చింది. హోగార్త్ అనే చిత్రకారుడు 1751లో గీసిన 'జిన్ లేన్' చిత్రంలో, తాగిన మత్తులో తల్లి చేతిలోంచి బిడ్డ జారిపోతూ ఉంటుంది. మద్యం చౌకై, చేతికి అందుబాటులోకి వచ్చినప్పుడు ముందు నష్టపోయేది తాగినవాడి ఇంటివారే.

ప్యాకెట్టు తెచ్చిన చేటు

ఇదే పాఠం మన ఆంధ్రప్రదేశ్ మరోవిధంగా నేర్చుకుంది. 1980ల మధ్యలో ప్రభుత్వం 'వారుణి వాహిని' పేరుతో సారాను పాలిథిన్ ప్యాకెట్లలో సరఫరా చేయసాగింది. మూత వేసిన ప్యాకెట్టు గనుక కల్తీకి తావుండదన్నది చెప్పిన కారణాలలో ఒకటి. వినడానికి ఆ వాదన సబబుగానే ఉంది. కాని జరిగింది వేరు. అంతకు ముందు సారా కావలసినవాడు దుకాణం దాకా నడవాలి. ప్యాకెట్టు వచ్చాక సారాయే జేబులో, సైకిలు సంచిలో, పొలం గట్టుకూ ఇంటి గడపకూ నడిచి వచ్చింది. కూలి డబ్బులు గడప లోపలికి రాకముందే కరిగిపోయాయి.

అప్పుడు నెల్లూరు జిల్లాలో 'అక్షర దీపం' పేరుతో వయోజనులకు రాత్రి బడులు నడుస్తున్నాయి. వారి వాచకంలో తాగుబోతు భర్త వల్ల బాధలు పడ్డ సీతమ్మ కథ ఒక పాఠం. దూబగుంట గ్రామంలో ఆ పాఠం చదివిన స్త్రీలు, ఇది మన కథే కదా అనుకున్నారు. వర్ధినేని రోశమ్మ వంటివారు ముందు నిలవగా ఊళ్ళో సారా అమ్మకం మాన్పించారు. ఆ నిప్పు ఊరూరా పాకింది. 1992లో సారా వేలంపాటలను స్త్రీలు అడ్డుకున్నారు. చివరకు 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16 నుండి సంపూర్ణ మద్యనిషేధం అమలైంది. 1997లో దానిని సడలించారు. రోశమ్మగారు 2016లో కన్నుమూశారు. అక్షరం నేర్చిన తొలినాళ్ళలోనే ప్రభుత్వాల మెడలు వంచిన ఆ తల్లుల ముందు మన పెద్ద చదువులు ఎంతపాటివి!

మలయా గడ్డ మీద కూడా ఈ బాధ ఉండేది. రబ్బరు, కొబ్బరి తోటలకు కూలికి వచ్చిన తమిళులు, తెలుగువారు లైనిళ్ళలో బతికేవారు. పెరాక్‌లోని బగాన్ దాతో వంటి చోట్ల మనవారు ఊళ్ళు కట్టుకున్నారు. తోటల్లోనే కల్లు దుకాణాలుండేవి. 1941లో క్లాంగ్ ప్రాంతపు భారతీయ కార్మికులు సమ్మె చేసినప్పుడు, కూలి పెంచమనడంతో పాటు కల్లు దుకాణాలు మూయమని కూడా అడిగారు. ఇక్కడ పాత్ర ప్యాకెట్టు కాదు, కాని దుకాణం ఇంటి ముంగిట్లోకి వచ్చి కూర్చుంది. ఫలితం ఒకటే.

నేటి పాత్రలు

ఇప్పుడు మన మిత్రుడి కాగితపు సీసా సంగతి చూద్దాం. బ్రిటన్‌లోని ఫ్రూగల్‌పాక్ సంస్థ 2020లో ఇటువంటి సీసాను విడుదల చేసింది. బరువు 83 గ్రాములు. 94 శాతం తిరిగి వాడిన అట్ట. లోపల మాత్రం ద్రవం నిలవడానికి పలుచని ప్లాస్టిక్ సంచి ఉంటుంది. గాజు సీసా కన్నా ఐదు రెట్లు తేలిక గనుక రవాణాలో ఇంధనం ఆదా అవుతుంది.

మన సింగపూర్‌లోనే 2018లో పుట్టిన ఎకోస్పిరిట్స్ సంస్థది మరో దారి. వారు 4.5 లీటర్ల గాజు పాత్రను గట్టి తొడుగులో పెట్టి బార్లకు పంపుతారు. ఖాళీ అయ్యాక తెచ్చి, కడిగి, మళ్ళీ నింపుతారు. ఒక్కో విడతకు ఆరు మామూలు సీసాలు మిగులుతాయి. నా చిన్నతనంలో పాత సీసాలు కొనేవాడు వీధిలో కేక వేసుకుంటూ వచ్చేవాడు. ఖాళీ సీసా కిరసనాయిలుకో, నువ్వులనూనెకో తిరిగి పనికివచ్చేది. ఆ పాత బుద్ధే కొత్త చొక్కా తొడుక్కుని వచ్చింది. సంతోషించవలసిందే.

ఈ చిన్న దీవికి అది అవసరం కూడా. ఇక్కడి చెత్తను కాల్చగా మిగిలిన బూడిద 1999లో తెరిచిన సెమకావు ద్వీపపు దిబ్బకు చేరుతుంది. 2035 నాటికి అది నిండుతుందని అంచనా. గాజు కాలదు, బూడిదా కాదు. వాడిన సీసాను తిరిగి వాడడమే దానికి మేలైన మార్గం.

అయితే సీసా మంచిదైనంత మాత్రాన లోపలిది మంచిదైపోదు. తేలికగా, అందంగా, పళ్ళరసం డబ్బాలా కనబడే పాత్ర మద్యాన్ని మరింత సులువుగా ఇళ్ళలోకి తెస్తుంది. కర్ణాటకలో కాగితపు డబ్బాల్లో మద్యం అమ్మడం చూసినవారికి ఈ మాట తెలుసు. పాలిథిన్ ప్యాకెట్టు కల్తీని ఆపుతుందన్నారు. కాగితపు సీసా భూమిని కాపాడుతుందంటున్నారు. రెండు మాటల్లోనూ నిజం ఉండవచ్చు. రెండూ చెప్పని సంగతి, లోపలి సరుకు ఇంటిని ఏం చేస్తుందన్నది.

కనుక మన పిల్లలు పెద్దవారై ఆకుపచ్చ ముద్ర వేసిన సీసాను చేతిలోకి తీసుకున్నప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోవాలని నా మనవి. ఈ పాత్ర ఖాళీ అయ్యాక ఎక్కడికి పోతుంది? ఇందులోది ఖాళీ అయ్యాక ఆ ఇల్లు ఎలా ఉంటుంది? మొదటి ప్రశ్న ఈనాటి శాస్త్రజ్ఞులు నేర్పారు. రెండవది దూబగుంట తల్లులు ఏనాడో నేర్పారు. సభ్య కుటుంబాలన్నిటికీ పండుగ శుభాకాంక్షలు.