పని చోట వేధింపు: కమిటీకి కులం కనిపించదా?

పని చోట ద్వంద్వ ప్రమాణాలు అనగానే మనకు కొన్ని మాటలు గుర్తొస్తాయి. గట్టిగా మాట్లాడితే మగవాడు సమర్థుడు, ఆడమనిషి గయ్యాళి. రాత్రి దాకా ఆఫీసులో ఉంటే అతను కష్టజీవి, ఆమెకు మాత్రం ‘ఇంట్లో అడిగేవాళ్లు లేరా’ అన్న ప్రశ్న. ఇవన్నీ నిజమే. అయితే దళిత మహిళ విషయంలో ఈ లెక్క ఇక్కడితో ఆగదు. ఆమెను మగవాళ్లతోనే కాదు, పక్క సీటులోని పై కులం స్త్రీతో కూడా పోల్చి తూస్తారు. ఎదురు చెబితే ‘అట్రాసిటీ చట్టం ఉందని పొగరు’. మౌనంగా ఉంటే ‘కోటాలో వచ్చింది, పని రాదు’. వేధింపు జరిగిందని ఫిర్యాదు చేస్తే, అతను ఏం చేశాడన్న దానికన్నా ముందు ఆమె ఎలాంటిదన్న విచారణ మొదలవుతుంది.

విచిత్రం ఏమిటంటే, ఈ వేధింపులపై మనకున్న చట్టానికి మూలం ఒక కింది కులం శ్రామిక స్త్రీ పోరాటమే. భన్వరీ దేవిది రాజస్థాన్‌లోని భటేరీ గ్రామం, కుమ్మరి కులం. ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో ‘సాథిన్’గా పనిచేసేవారు. 1992లో గుజ్జర్ కుటుంబంలో పసిపాప పెళ్లిని ఆపడానికి ప్రయత్నించారు. అది ఆమె ఉద్యోగ బాధ్యత. ఆ సెప్టెంబరులో ఆమెపై సామూహిక అత్యాచారం జరిగింది. 1995లో కింది కోర్టు నిందితులను అత్యాచారం కేసులో నిర్దోషులుగా వదిలేసింది. పై కులం వాళ్లు కింది కులం స్త్రీపై అలా చేస్తారంటే నమ్మలేమన్న ధోరణి ఆ తీర్పులో ఉంది. ఊళ్లో వినిపించే మాటే కోర్టులోనూ వినిపించింది.

ఆ ఘటన నేపథ్యంలో మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 1997 ఆగస్టు 13న విశాఖ మార్గదర్శకాలు వచ్చాయి, 2013లో చట్టం వచ్చింది. మార్గదర్శకాల్లో కులం ప్రస్తావన లేదు.

చట్టంలో ఎక్కడుందో చూద్దాం. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. సెక్షన్ 4 ప్రకారం దానికి అధ్యక్షురాలు మహిళ, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు, బయటి నుంచి ఒకరు. దళిత సభ్యురాలు ఉండాలన్న నియమం లేదు. పదిమంది కన్నా తక్కువ ఉన్న చోట్ల పనిచేసేవారికి, ఇళ్లలో పనిచేసేవారికి జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. సెక్షన్ 7 అక్కడ నామినేటెడ్ సభ్యుల్లో కనీసం ఒకరు ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ లేదా మైనారిటీ మహిళ అయి ఉండాలంటుంది. నాలుగు వర్గాలకూ కలిపి ఒక్క కుర్చీ! అసంఘటిత రంగంలో కులం ఉంటుందని ఒప్పుకున్న చట్టం, ఏసీ ఆఫీసులో అది ఉండదని అనుకున్నట్టుంది. మా అభిప్రాయంలో ఈ చట్టానికి పెద్ద లోపం ఇదే.

అందుకే కమిటీ ఒక్కదాని మీదే ఆధారపడకూడదు. ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీల నిరోధక చట్టంలో సెక్షన్ 3(1)(డబ్ల్యూ) ఉంది. బాధితురాలు ఎస్సీ లేదా ఎస్టీ అని తెలిసీ, ఆమె ఇష్టం లేకుండా లైంగికంగా తాకడం, లైంగికమైన మాటలు, సైగలు చేయడం దీని కింద నేరం. శిక్ష 6 నెలల నుంచి 5 ఏళ్లు. కమిటీకి వెళ్తే పోలీసుల దగ్గరికి వెళ్లకూడదని చాలామందికి చెబుతారు. అది అబద్ధం. 2013 చట్టం మిగతా చట్టాలకు అదనమే తప్ప అడ్డు కాదని సెక్షన్ 28 చెబుతుంది. ఆమె కేసు పెట్టాలనుకుంటే సాయం చేయాల్సిన బాధ్యతను సెక్షన్ 19 యజమాని మీదే పెట్టింది. కమిటీకి ఫిర్యాదు చేయడానికి గడువు 3 నెలలు, కారణం చూపితే మరో 3 నెలలు. ఈ గడువు ఎఫ్‌ఐఆర్‌కు వర్తించదు.

ఫిర్యాదు రాసేటప్పుడు ఒక విషయం మరవకూడదు. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన పటాన్ జమాల్ వలీ కేసులో 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. బాధితురాలు చూపు లేని దళిత యువతి. కులం, లింగం, వైకల్యం కలిసి ఒకే మనిషిపై ఎలా పడతాయో కోర్టు వివరంగా రాసింది. అత్యాచారం కేసులో శిక్షను నిలబెట్టింది. కానీ కులం కారణంగానే నేరం జరిగిందనడానికి సాక్ష్యం లేదంటూ అట్రాసిటీ శిక్షను కొట్టేసింది. ఘటన 2011 నాటిది. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో, కులం తెలిసి చేశాడని చూపితే చాలు. కాబట్టి అతనికి ఆమె కులం ఎలా తెలుసో ఫిర్యాదులోనే రాయాలి: సర్వీసు రికార్డు చూసే అధికారా, ఒకే ఊరివాడా, కులం పేరు పెట్టి అన్నాడా, ఎవరి ముందు అన్నాడు.

‘నిరూపించలేకపోతే నీ మీదే చర్య’ అన్న బెదిరింపు కూడా తరచూ వినిపిస్తుంది. తెలిసీ అబద్ధం చెప్పినట్టు విచారణలో తేలితేనే సెక్షన్ 14 కింద చర్య ఉంటుంది. సాక్ష్యం చూపలేకపోవడం దాని కిందికి రాదని ఆ సెక్షనే చెబుతుంది.

నాట్లకు, కలుపుకు వెళ్లే కూలి తల్లులకు, పాచిపనికి వెళ్లే అక్కలకు మిగిలింది స్థానిక కమిటీయే. దాని తరఫున ఫిర్యాదులు తీసుకోవడానికి కింది స్థాయిలోనూ నోడల్ అధికారి ఉండాలి. విద్యార్థి సంఘాలు సమాచార హక్కు కింద కలెక్టరేట్‌ను అడగాల్సినవి ఇవి: మన జిల్లా స్థానిక కమిటీలో ఎవరెవరున్నారు, సెక్షన్ 7 చెప్పిన ఆ ఒక్క కుర్చీలో ఎవరు కూర్చున్నారు, మన మండలానికి నోడల్ అధికారి ఎవరు, గత మూడేళ్లలో ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి. జవాబు రాకపోతే 30 రోజుల తర్వాత మొదటి అప్పీలు వేయవచ్చు.