శివారుకు అందని సేవ: గోదావరి డెల్టాలో ప్రభుత్వ మానసిక వైద్య సారథ్యం

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటి నుంచీ డెల్టా రైతు నీటిపారుదల అధికారిని ఒకే ప్రశ్నతో కొలుస్తున్నాడు: శివారు ఆయకట్టుకు తడి అందిందా లేదా? కాలువ తల దగ్గర నిండుగా పారినా, చివరి చేను ఎండితే ఆ ఏడు అధికారికి మాట పడక తప్పదు. మానసిక వైద్య సేవలను నడిపేవారిని కూడా ఈ ప్రశ్నతోనే కొలవాలని ఈ వ్యాసం వాదిస్తుంది.

శివారు ఎలా ఉంటుందో ముందు చూద్దాం. కోనసీమ లంకలో ఒక ఇల్లు. నాలుగు రాత్రులుగా కొడుక్కి నిద్ర లేదు. గోడలతో మాట్లాడుతున్నాడు, అన్నంలో ఏదో కలిపారంటున్నాడు. గాలి సోకిందేమోనని మొదట తాయెత్తు కట్టించారు. అయిదో రోజు పంటు మీద రేవు దాటించి ఆటోలో పీహెచ్‌సీకి తెచ్చారు. అక్కడి నుంచి ఏరియా ఆసుపత్రికి, అక్కడి నుంచి పెద్దాసుపత్రికి పంపారు. చివరికి వినబడిన మాట: "విశాఖ మానసిక వైద్యశాలకు తీసుకెళ్లండమ్మా." తల్లి చేతి సంచిలో మూడు చీటీలు మిగిలాయి. ఇది ఫలానా కుటుంబం కథ కాదు, దారి ఎలాంటిదో చూపడానికి కూర్చిన చిత్రం.

ఆ మూడు చీటీల వెనక మూడు యంత్రాంగాలున్నాయి. పీహెచ్‌సీ జిల్లా వైద్య ఆరోగ్యాధికారి కింద ఉంటుంది. ఏరియా ఆసుపత్రి ఒకప్పటి వైద్య విధాన పరిషత్తు వ్యవస్థలోది. బోధనాసుపత్రి వైద్య విద్య సంచాలకుల పరిధిలోది. రాజమహేంద్రవరం జిల్లా ఆసుపత్రి, 2023లో వైద్య కళాశాల రావడంతో, రెండో గూటి నుంచి మూడో గూటికి మారింది. దానికి ఏడాది ముందే, 2022 ఏప్రిల్ 4న, జిల్లాలు విడిపోయాయి. రంగరాయ వైద్య కళాశాల కాకినాడ జిల్లాలో, అమలాపురం కోనసీమ జిల్లాలో, రాజమహేంద్రవరం తూర్పు గోదావరిలో మిగిలాయి. ఎవరి పరిధిలో వారు కష్టపడుతూనే ఉన్నారు. పరిధుల నడుమ పడ్డ రోగికి మాత్రం జవాబుదారీ అధికారి లేడు.

2018లో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ ఖాళీని ముందే ఊహించింది. వైద్యం కోసం ఎవరూ దూరాభారం పోనక్కర లేకుండా చూడటం ప్రభుత్వ విధి అని 18వ సెక్షన్ చెబుతుంది. అంతకన్నా ముఖ్యమైనది, మన దగ్గర చాలామంది చదవనిది, 94వ సెక్షన్. ప్రాణాపాయాన్నీ, తనకో ఇతరులకో కలిగే తీవ్ర హానినీ తప్పించడానికి రిజిస్టరైన ఏ వైద్యుడైనా, రోగి ఇంటి దగ్గరైనా సరే, 72 గంటల వరకు చికిత్స చేయవచ్చు. రోగి నియమించుకున్న ప్రతినిధి అందుబాటులో ఉంటే వారి సమ్మతి తీసుకోవాలి. విద్యుత్ చికిత్స మాత్రం ఈ అత్యవసరంలో కూడదు. అంటే పీహెచ్‌సీ డాక్టరుకు అధికారం ఉంది. దాన్ని వాడే ధైర్యం రావాలంటే మందుల గదిలో ఇంజెక్షన్ ఉండాలి, ఫోనెత్తే మానసిక వైద్యుడు ఉండాలి, తేడా వస్తే వెనక నిలబడే పై అధికారి ఉండాలి. ఈ మూడోది ఏ బడ్జెట్ పద్దులోనూ దొరకదు. సారథ్యం అని నేనంటున్నది దాన్నే.

ఒక్క అధికారి పూనికతో ఆసుపత్రి తీరే మారిన ఉదాహరణలున్నాయి. 1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాల సూపరింటెండెంటు విద్యాసాగర్ రోగుల కుటుంబాలను ఆవరణలోనే గుడారాల్లో ఉంచి, చికిత్సలో భాగం చేశారు. ఇటలీలోని త్రియెస్తేకు 1971లో డైరెక్టరుగా వెళ్లిన ఫ్రాంకో బసాలియా ఆసుపత్రి తలుపులు తెరిచి, వైద్యాన్ని ఊళ్లోకి నడిపించారు. మనకూ వారసత్వం ఉంది. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో మొదలైంది. 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి దేశమంతటా ఎంచిన తొలి నాలుగు జిల్లాల్లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని మెదక్ ఒకటి.

లెక్కల విషయంలో మన పద్ధతి మారాలి. నెలవారీ నివేదికలో ఎంతమంది ఓపీకి వచ్చారో రాస్తాం. నెల ఇంజెక్షన్‌కు రావలసి ఉండి రానిదెవరో రాయం. మందు ఆగిన మనిషే మళ్లీ ఆ పంటు ఎక్కుతాడు. ఆ పేర్లు ఆశా కార్యకర్తకు తెలుసు, అడిగే అధికారి కావాలి. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో మనది లేదు.

క్యాజువాలిటీ సంగతీ అంతే. ఆత్మహత్యకు ప్రయత్నించి బతికినవారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించి, వారికి సంరక్షణ ఇవ్వాలని 115వ సెక్షన్ ప్రభుత్వాన్ని ఆదేశిస్తోంది. ఒంటికి నయమయ్యాక మానసిక వైద్యుడు చూడకుండా ఎవరినీ ఇంటికి పంపరాదని సూపరింటెండెంటు ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు, దానికి కొత్త జీవో అక్కర్లేదు. 2022 అక్టోబరులో మొదలైన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416ను డిశ్చార్జి చీటీ మీద ముద్రించడానికీ అక్కర్లేదు.

డెల్టా జిల్లాల కలెక్టర్లకు ఈ పరిశోధకుడి వినతి ఒక్కటే. లాకు దగ్గర నీటికి లస్కరు ఉన్నట్టే, ఈ రోగులకు జిల్లాకొక అధికారిని నియమించండి. మూడు యంత్రాంగాలనూ పిలిచి అడిగే అధికారం ఆయనకివ్వండి. ఆయన పేరు, ఫోన్ నంబరు ప్రతి పీహెచ్‌సీ గోడ మీదా, ప్రతి రేవులోనూ తెలుగులో రాయించండి.